లినక్స్‌లో కోడెక్‌లు వేసుకుంటే చట్టపరంగా ఏమైనా ఇబ్బందా?

కొత్తపెంగ్విన్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఈమధ్యే విండోస్ తీసేసి ఫెడోరా లినక్స్ వేసుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఫోన్‌లో తీసిన వీడియోలు మాత్రం ప్లే కావట్లేదు. ఫైల్ తెరిస్తే మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావాల్సిన చోటంతా నలుపే, పైన హెచ్.265 డీకోడర్ (ఆ పద్ధతిలో కుదించిన వీడియోను విప్పి చూపించే కోడెక్) కావాలని ఒక మెసేజ్. నెట్‌లో వెతికితే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే రిపో (ఫెడోరా బయటివాళ్ళు నడిపే ప్యాకేజీల నిల్వ) కలుపుకుని ఒకటి రెండు కమాండ్లు కొడితే చాలంటున్నారు. అయితే ఆ పక్కనే "మీ దేశపు చట్టం ఒప్పుకుంటేనే వేసుకోండి" అని కూడా రాస్తున్నారు. నేను అక్కడే ఆగిపోయాను. మా దేశపు చట్టం ఏమంటుందో నాకెలా తెలుస్తుంది?

అసలు నాకు అర్థం కానిది ఇంకోటి. హెచ్.264 వీడియోలు తయారుచేసే ఎక్స్264 లాంటివి జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములే కదా, అందరూ వాడుకోవచ్చని లైసెన్సులోనే ఉంటే మళ్ళీ చట్టం గొడవ ఎక్కడి నుంచి వచ్చింది? ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక టిక్ పెడితే ఇవన్నీ వచ్చేస్తాయి, ఫెడోరాలో ఎందుకు రావు?

నా ఒక్కడి కోసమే అయితే ఇంత ఆలోచించేవాడిని కాదు. మేం కొంతమంది స్నేహితులం పాత కంప్యూటర్లు బాగుచేసి, లినక్స్ వేసి, చదువుకునే పిల్లలకు ఇస్తుంటాం. ఇప్పటిదాకా ఉచితంగానే ఇచ్చాం, ఇక మీదట విడిభాగాల ఖర్చు వరకైనా తీసుకుందామని అనుకుంటున్నాం. వాటిలో కోడెక్‌లు ముందే వేసి ఇవ్వొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

ఆర్చ్‌వాడుక

వేసేసుకోండి బ్రదర్, టెన్షన్ పడాల్సిందేం లేదు. డెబియన్‌లో వీడియోలు విప్పే ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎక్స్264 రెండూ మెయిన్ రిపోలోనే ఉంటాయి, ఆర్చ్‌లో కూడా అంతే. ఇంట్లో కూర్చుని మన వీడియో మనం చూసుకుంటే అడిగేవాడెవడు?

ప్యాకేజీపని

ఆర్చ్‌వాడుక గారు చెప్పింది ఇంట్లో వాడకం వరకు సరిపోతుంది. కానీ ఆయన అడిగింది అంతకన్నా పెద్ద ప్రశ్న, అందులోనూ కంప్యూటర్లు వేరేవాళ్ళ చేతికి ఇస్తున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను ప్యాకేజీలు కట్టే పనిలో ఉన్నాను, వకీలును కాను, ఆ లెక్కలోనే చదవండి.

ముందు ఓపెన్ సోర్స్ సంగతి. ఎక్స్264 రాసినవాళ్ళు జీపీఎల్ కింద మనకిచ్చింది వాళ్ళు రాసిన కోడ్ మీద ఉన్న కాపీరైట్ హక్కు. హెచ్.264 అనే పద్ధతి మీద ఉన్న పేటెంట్లు వాళ్ళవి కావు, వేరే కంపెనీలవి. తమవి కాని వాటికి వాళ్ళు అనుమతి ఇవ్వలేరు. మీరు ఎక్కడా చూడకుండా మొదటి లైను నుంచి సొంతంగా డీకోడర్ రాసుకున్నా సరే, అది ఆ పద్ధతిలోనే పనిచేస్తే పేటెంటు వర్తిస్తుంది. కాపీరైట్ అలా కాదు, కాపీ కొడితేనే తప్పు. కాబట్టి "ఇది ఓపెన్ సోర్స్, అందుకే పేటెంట్ సమస్య లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. పైగా జీపీఎల్ రెండో వెర్షన్‌లో 7వ సెక్షన్ ఉంది. పేటెంట్ షరతుల వల్ల ఆ ప్రోగ్రామును రాయల్టీ లేకుండా అందరూ పంచుకునే వీలు పోతే, మీరు అసలు పంచనే కూడదు అంటుంది అది. అంటే ఒక డిస్ట్రో (ఫెడోరా, ఉబుంటు లాంటి లినక్స్ రకం) తన వరకు పేటెంట్ ఫీజు కట్టుకుని ఎక్స్264ని సీడీలో పెట్టేద్దామన్నా కుదరదు, ఎందుకంటే ఆ కాపీ అందుకున్నవాళ్ళు మళ్ళీ పంచితే వాళ్ళు కట్టాలి.

ఇక ఫెడోరా ఎందుకు ఇవ్వదు. దాని వెనకున్న రెడ్ హ్యాట్ అమెరికా కంపెనీ. అక్కడ సాఫ్ట్‌వేర్ పద్ధతులకు పేటెంట్లు ఇస్తారు, కేసులూ గట్టిగానే వేస్తారు, డబ్బున్న కంపెనీ మీదైతే మరీనూ. ఎంపీ3 విషయంలో చూశాం కదా. ఏళ్ళ తరబడి ఫెడోరాలో ఎంపీ3 పాట వినాలంటే బయటి రిపో కలుపుకోవాల్సిందే. పేటెంట్ల గడువు తీరుతూ వచ్చాక 2016 చివర్లో డీకోడర్ చేర్చారు. 2017 ఏప్రిల్‌లో ఫ్రౌన్‌హోఫర్ వాళ్ళ ఎంపీ3 పేటెంట్ లైసెన్సింగ్ కార్యక్రమం ముగిసింది, ఆ తర్వాత ఎన్‌కోడర్ కూడా వచ్చింది. కోడ్‌లో ఏ మార్పూ లేదు, నిన్నటిదాకా పనికిరాదన్న అదే కోడ్, గడువు దాటగానే మెయిన్ రిపోలోకి వచ్చేసింది. ఫెడోరా జాగ్రత్త అంతా దేని చుట్టూ తిరుగుతుందో ఇక్కడే తెలుస్తుంది.

2022 సెప్టెంబర్‌లో జరిగింది ఇంకా బాధాకరం. గ్రాఫిక్స్ కార్డు చిప్‌లోనే హెచ్.264, హెచ్.265 డీకోడ్ చేసే భాగం ఉంటుంది. మెసా డ్రైవర్ దాన్ని బయటికి అందిస్తే చాలు, ప్రాసెసర్ మీద భారం పడదు. ఆ అందించడం కూడా చట్టపరంగా ఇబ్బందే కావచ్చని ఫెడోరా వాళ్ళు దాన్ని ఆపేశారు, ఓపెన్‌సూసే కూడా అదే చేసింది. చిప్ కొన్నప్పుడే ఫీజు కట్టేసి ఉంటారులే అని మనం అనుకుంటాం, కానీ ఈ లైసెన్సులు మామూలుగా చిప్ మీద కాదు, వాడేవాడి చేతికి వచ్చే పూర్తి వస్తువు మీద లెక్కగడతారు. మీ మెషీన్‌లో వీఏఇన్ఫో అనే కమాండ్ కొట్టి చూడండి, ఏఎండీ కార్డు అయితే ఆ జాబితాలో రాయల్టీ లేని వీపీ9, ఏవీ1 కోడెక్‌ల పేర్లు కనిపించవచ్చు, హెచ్.264 వరస మాత్రం ఉండదు. ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి ఫ్రీవరల్డ్ అని చివర ఉండే మెసా ప్యాకేజీ తెచ్చుకుంటే ఆ వరసలు మళ్ళీ వస్తాయి. అదే చిప్, అదే డ్రైవర్.

ఉబుంటు టిక్ బాక్స్ వెనక ఉన్నది కూడా ఇదే ఆలోచన. ఆ టిక్ ముందే పెట్టి ఉండదు, పెట్టేది మీరు. నిర్ణయం డిస్ట్రోది కాకుండా వాడేవాడిది అవుతుంది.

మీ ఫోన్ వీడియో సంగతికొస్తే, ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీ అని ఫెడోరాలో ఉన్న కత్తిరించిన ప్యాకేజీని ఆర్‌పీఎం ఫ్యూజన్‌లోని పూర్తి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో స్వాప్ చేస్తే ప్లే అవుతుంది. రిపో కలపడం ఇష్టం లేకపోతే ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి వీఎల్‌సీ ఒక్కటే వేసుకున్నా చాలు. అయితే ఇది సాంకేతికంగా దారి మార్చడమే, పేటెంట్ కోణంలో రెండూ ఒకటే.

సెక్షన్‌చదువరి

చాలా బాగా రాశారు. "మీ దేశపు చట్టం" అన్న ముక్క గురించి నేను కొంచెం కలుపుతాను, ఎందుకంటే అందరూ అది రాసేసి వదిలేస్తారు.

పేటెంట్ అనేది దేశం వారీగా ఇచ్చే హక్కు. అమెరికాలో ఇచ్చిన పేటెంట్ అమెరికా దాటితే పనిచేయదు, ఆ కంపెనీ ప్రతి దేశంలో విడివిడిగా దరఖాస్తు పెట్టి తెచ్చుకోవాలి. అమెరికా చట్టంలో తయారుచేయడం, అమ్మడంతో పాటు "వాడటం" కూడా ఉల్లంఘన కిందికే వస్తుంది. కాబట్టి కాగితం మీద చూస్తే అక్కడ ఇంట్లో వాడేవాడు కూడా పూర్తిగా బయట లేడు. పేటెంటుదారులు కలిసి ఉమ్మడిగా ఇచ్చే పూల్ లైసెన్సులు మాత్రం వాడేవాడి దగ్గర కాదు, వస్తువు అమ్మేవాడి దగ్గర డబ్బు వసూలు చేసేలా కట్టారు.

యూరప్‌లో పేటెంట్ ఒప్పందం 52వ అధికరణం కంప్యూటర్ ప్రోగ్రాములను, వాటిని ప్రోగ్రాములుగానే చూసినప్పుడు, ఆవిష్కరణలు కావంటుంది. దీన్ని సడలించే డైరెక్టివ్ ఒకటి తేబోతే 2005 జూలైలో యూరప్ పార్లమెంటు 648 - 14 ఓట్లతో తిప్పికొట్టింది. వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ ఫ్రాన్స్‌లో ఉండటం, అన్ని కోడెక్‌లూ కలిపి ధైర్యంగా ఇవ్వడం ఈ నేపథ్యంలోనే చూడాలి. అయితే యూరప్‌లో అసలు కోడెక్ పేటెంట్లే లేవనుకోవద్దు. "ప్రోగ్రాము" అని కాకుండా "బొమ్మను కుదించే పద్ధతి", "పరికరం" అని దరఖాస్తు రాసి తెచ్చుకున్నవి చాలానే ఉన్నాయి, జర్మనీ కోర్టుల్లో వీటి మీద కేసులూ నడిచాయి.

భారతదేశంలో 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కంప్యూటర్ ప్రోగ్రాములను (ప్రోగ్రాములుగానే చూసినప్పుడు), అల్గారిథమ్‌లను పేటెంట్ పరిధి నుంచి తీసేసింది. చాలామంది ఈ ఒక్క సెక్షన్ చూపించి ఇక్కడ ఏ సమస్యా లేదంటారు, నేను అంత దూరం వెళ్ళను. సాంకేతిక ప్రభావం ఉన్న ఆవిష్కరణను ప్రోగ్రాము అన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అంతకుముందు 2018లో డీవీడీ ప్లేయర్ల మీద ఫిలిప్స్ వేసిన కేసులో అదే కోర్టు ఫిలిప్స్ వైపే తీర్పిచ్చింది, అది కూడా ప్రమాణంలో భాగమైన పేటెంటు మీదే. ఆ కేసులో ప్రతివాదులు ప్లేయర్లు తయారుచేసి అమ్మినవాళ్ళు, ఇంట్లో సినిమా చూసినవాళ్ళు కాదు. నా దృష్టిలో ముఖ్యమైన గీత అక్కడ ఉంది.

ఇంకో మాట, డీవీడీలను దీంట్లో కలపకండి. డీవీడీ ప్లే చేసే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ విషయం పేటెంట్ కాదు, తాళం తీయడం. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం దాన్ని నేరుగా నిషేధిస్తుంది. డీవీడీ తాళం తీసే డీసీఎస్ఎస్ అనే 1999 నాటి ప్రోగ్రాము విషయంలో నార్వేలో జాన్ లెక్ యోహాన్సెన్ మీద కేసు పెడితే 2003లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది, కొన్న డిస్కును తన కంప్యూటర్‌లో చూసుకునే హక్కు ఉందని. భారత కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం అంటుంది. పేటెంట్ గడువు తీరితే కోడెక్ గొడవ తీరుతుంది, తాళం గొడవకు అలాంటి తేదీ లేదు. అందుకే డెబియన్ కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇస్తుంది గానీ దీన్ని మాత్రం నేరుగా ఇవ్వదు, మీ మెషీన్ మీదే దించుకుని కంపైల్ చేసే ఒక ప్యాకేజీ పెట్టి ఊరుకుంది.

కొత్తపెంగ్విన్

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నా కంప్యూటర్ వరకు భయం తీరింది. కానీ మేం ఇచ్చే కంప్యూటర్ల సంగతి ఇప్పుడే ఎక్కువ అనుమానంగా ఉంది. ఉచితంగా ఇస్తే ఒకలా, డబ్బు తీసుకుంటే ఇంకోలా ఉంటుందా? ఓపెన్‌హెచ్264 అని సిస్కో వాళ్ళది ఉచితంగా ఉందన్నారు ఇంకో చోట, అది ముందే వేసి ఇచ్చేస్తే సరిపోదా? ఒకే ఇమేజ్ (అన్నీ వేసి సిద్ధంచేసిన సిస్టమ్ కాపీ) తయారుచేసుకుని అన్నిటికీ ఎక్కించేస్తుంటాం, దాంట్లోనే పెట్టేద్దామని.

ప్యాకేజీపని

సరిగ్గా అడగాల్సిందే అడిగారు. ఆ ఇమేజ్ దగ్గరే చిక్కు.

సిస్కో 2013లో ప్రకటించిన పద్ధతి ఇది. సోర్స్ కోడ్ బీఎస్‌డీ లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. దాంతో పాటు తానే కంపైల్ చేసిన, నేరుగా నడిచే బైనరీ కూడా ఇస్తుంది, ఆ బైనరీకి కట్టాల్సిన పేటెంట్ రాయల్టీ సిస్కోనే కడుతుంది. కానీ దానికి షరతులున్నాయి. బైనరీ సిస్కో నుంచి నేరుగా వాడేవాడి పరికరంలోకి దిగాలి, అంతకుముందే వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపేసి ఉండకూడదు. దాన్ని ఆపడం, మళ్ళీ ఆన్ చేయడం వాడేవాడి చేతిలో ఉండాలి. వీడియో కోడెక్ సిస్కో ఇచ్చిందని ఎక్కడో ఒకచోట చూపించాలి. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్ల పేజీకి వెళ్ళి ప్లగిన్ల విభాగం చూడండి, ఓపెన్‌హెచ్264 అని విడిగా ఒక వరస, అందులో సిస్కో పేరు, పక్కన ఎప్పుడు యాక్టివేట్ కావాలో ఎంచుకునే బటన్ ఉంటాయి. అది అలంకారానికి పెట్టింది కాదు, ఆ షరతులను అక్షరాలా పాటించడమే. ఫెడోరా కూడా ఇందుకే దీన్ని తన రిపోలో కాకుండా విడి రిపోగా పెట్టి, ఫైళ్ళు సిస్కో సర్వర్ల నుంచి దిగేలా చేసింది.

మీరు దాన్ని ఇమేజ్‌లో పెట్టి యాభై మెషీన్లకు ఎక్కిస్తే వాటిలోకి వెళ్ళింది మీ కాపీ, సిస్కో దించింది కాదు. ఆ రాయల్టీ రక్షణ అక్కడితో పోతుంది. అదే కంప్యూటర్ తీసుకున్నవాళ్ళు మొదటిసారి ఆన్ చేసి నెట్‌కి కలిపినప్పుడు వాళ్ళే దించుకుంటే రక్షణ ఉంటుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ లైసెన్సంతా దాని మీదే నిలబడి ఉంది. ఇంకోటి, ఇది హెచ్.264కి మాత్రమే. మీకు మెసేజ్ వచ్చింది హెచ్.265 గురించి, దానికి సిస్కో లాంటి ఏర్పాటు ఏదీ ఫెడోరాలో లేదు.

ఉచితంగా ఇవ్వడం, అమ్మడం గురించి. అమ్మితే ప్రమాదం ఎక్కువ, అది నిజం. కానీ సెక్షన్‌చదువరి గారు చెప్పినట్టు చట్టంలో తయారుచేయడం, వాడటం, అమ్మడం విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఉచితం అన్న ఒక్క మాటతో బయటపడిపోరు. హెచ్.264 పూల్‌ని ఎంపెగ్ ఎల్‌ఏ నడిపేది, 2023 నుంచి అది వయా ఎల్‌ఏ అయింది. వాళ్ళ రేట్లలో ఏడాదికి మొదటి 1,00,000 యూనిట్లకు రాయల్టీ లేదు, ఆ పైన యూనిట్‌కి 20 సెంట్లు, 50 లక్షలు దాటాక 10 సెంట్లు. మీలాంటివాళ్ళు ఎప్పటికీ ఆ లక్ష దాటరు. అయితే ఆ వెసులుబాటు లైసెన్సు మీద సంతకం పెట్టినవాళ్ళకే, సంతకం లేకుండా "మేం లక్ష లోపే కదా" అనడం కుదరదు.

హెచ్.265 (దీన్నే హెచ్ఈవీసీ అంటారు) మాత్రం నిజంగా గందరగోళం. 2013లో ప్రమాణం వచ్చింది, పూల్ ఒకటి కాదు. ఎంపెగ్ ఎల్‌ఏది ఒకటి, 2015లో హెచ్ఈవీసీ అడ్వాన్స్ అని ఇంకోటి, 2017లో వెలోస్ మీడియా అని మూడోది పుట్టాయి, వీటిలో దేంట్లోనూ చేరని పేటెంటుదారులు వేరే. నిజాయితీగా డబ్బు కడదామనుకున్నవాడికి కూడా ఎంతమందికి కట్టాలో తేలని పరిస్థితి వచ్చింది. నాకు దీని మీద నిజంగానే కోపం. విండోస్‌లో కూడా ఈ కోడెక్‌ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో 99 సెంట్లకు విడిగా అమ్ముతున్నారంటే ఊహించుకోండి. రాస్‌ప్బెర్రీ పై వాళ్ళు 2012లో డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 కోడెక్ కోసం తమ చిన్న కంప్యూటర్ బోర్డు ఒక్కోదానికి 2.40 పౌండ్లకు కీ అమ్మారు. కావాల్సినవాడు కొనుక్కుంటాడు, వద్దనుకున్నవాడి మీద భారం పడదు. చిన్న సంస్థలకు నేను చూసినవాటిలో శుభ్రమైన పద్ధతి అదే. ఎంపెగ్-2 మీద అమెరికా పేటెంట్లు 2018లో తీరిపోయాయి.

మీ స్థానంలో నేనుంటే ఇమేజ్‌లో పేటెంట్ ఉన్న కోడెక్ ఏదీ పెట్టను. కంప్యూటర్ అందుకున్నవాళ్ళకు డెస్క్‌టాప్ మీద ఒక చిన్న ఫైల్ పెడతాను, ఏది ఎక్కడి నుంచి దించుకోవాలో వాళ్ళ భాషలో, స్క్రీన్‌షాట్లతో. మీరు స్వయంగా రికార్డు చేసి పెట్టే పాఠాలేమైనా ఉంటే వాటిని వీపీ9 లేదా ఏవీ1, శబ్దానికి ఓపస్‌తో వెబ్ఎం ఫైళ్ళుగా చేయండి, ఏ డిస్ట్రోలోనైనా ఏమీ వేయకుండానే ప్లే అవుతాయి. పాత మెషీన్లయితే వీపీ9 చాలు, ఏవీ1 వాటికి బరువవుతుంది.

పాఠాలరికార్డింగ్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ దీనికి దగ్గర ప్రశ్నే. నేను లినక్స్‌లోనే కేడెన్‌లైవ్‌తో పాఠాలు ఎడిట్ చేసి, ఎక్స్264తో ఎంపీ4 చేసి అమ్ముతుంటాను. నా కెమెరా మాన్యువల్ చివర్లో ఏవీసీ (అంటే హెచ్.264) పేటెంట్ లైసెన్సు అని ఒక పేరా ఉంది, సొంత వాడకానికి, డబ్బు రాని పనులకు మాత్రమే అని అర్థం వచ్చేలా. అంటే అమ్మడం తప్పా?

సెక్షన్‌చదువరి

ఆ పేరా చదివినవాళ్ళు చాలా తక్కువ, చదివినందుకు అభినందనలు. అది కెమెరా కంపెనీ తాను కొన్న లైసెన్సు ఎంతవరకు వస్తుందో చెప్పడం, మీరు తప్పు చేస్తున్నారనడం కాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపించే హెచ్.264 వీడియోకి రాయల్టీ అడగబోమని ఎంపెగ్ ఎల్‌ఏ 2010లోనే శాశ్వతంగా ప్రకటించింది. అమ్మే వీడియోలు వేరు. విడివిడిగా అమ్మే వాటిలో 12 నిమిషాల లోపువాటికి ఏమీ లేదు, ఆ పైనవాటికి అమ్మిన ధరలో 2 శాతం లేదా 2 సెంట్లు, ఏది తక్కువైతే అది. చందా పద్ధతిలో అయితే ఏడాదికి లక్ష మంది చందాదారుల వరకు సున్నా. ఎవరైనా ప్లాట్‌ఫామ్ ద్వారా అమ్ముతుంటే కొన్నవాడి దగ్గర డబ్బు తీసుకునేది ఆ ప్లాట్‌ఫామే కాబట్టి ఈ లెక్క వాళ్ళది, మీ ఒప్పందంలో ఒకసారి చూసుకోండి. సొంత సైట్‌లో అమ్ముతుంటే ప్యాకేజీపని గారు చెప్పినట్టు వీపీ9కి మారిపోవడం తేలిక. కేడెన్‌లైవ్‌లో రెండర్ ప్రొఫైల్ మార్చడమే, ఎన్‌కోడ్ కావడానికి టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది. వీపీ8, వీపీ9 పేటెంట్లను గూగుల్ రాయల్టీ లేకుండా ఇచ్చింది, ఏవీ1ని 2018లో అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా అదే షరతుతో విడుదల చేసింది. వీటి మీద కూడా మాకు పేటెంట్లున్నాయని సిస్‌వెల్ అనే సంస్థ పూల్ పెట్టింది, అది కూడా తెలిసి ఉండాలి కాబట్టి చెప్తున్నా. అయినా హెచ్.264, వీపీ9 రెంటిలో ఎంచుకోమంటే నేను వీపీ9 వైపే ఉంటాను.

కొత్తపెంగ్విన్

ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఇమేజ్ నుంచి కోడెక్‌లన్నీ తీసేస్తున్నాను. దించుకునే పద్ధతి తెలుగులో రాయడం మొదలుపెట్టాను, ఓపెన్‌హెచ్264కి ఒక పేజీ, వీఎల్‌సీకి ఒక పేజీ. రేపు ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి. ప్యాకేజీపని గారూ, మొదటిసారి ఆన్ చేసినప్పుడు "కోడెక్ దించుకుంటారా" అని వాళ్ళనే అడిగి, అవునంటేనే సిస్కో రిపో నుంచి తెచ్చే చిన్న స్క్రిప్ట్ పెడితే పర్లేదా?

ప్యాకేజీపని

పర్లేదు, అలాగే చేయండి. "వద్దు" అన్న బటన్ కూడా పనిచేయాలి, ముందే టిక్ పెట్టి ఉంచొద్దు, సిస్కో పేరు ఆ విండోలోనే కనిపించాలి. దించింది తర్వాత తీసేయడానికి ఇంకో బటన్ పెట్టండి. స్క్రిప్ట్ రాశాక ఇక్కడ పెడితే చూస్తాను.